పిన్నీసుల తెల్లంగీ

నా చిన్నప్పుడు మా ఇంట్లో ప్రార్థనా, బేరమూ ఒకే గొంతుతో సాగేవి. వరంగల్ బజారులో మాది బట్టల కొట్టు. కొట్టంటే పెద్దదేమీ కాదు. ఇద్దరు గిరాకీలు లోపలికొస్తే మూడో మనిషి వీధిలో నిలబడి మెడ చాచాల్సిందే. తాతయ్య పోయిన దగ్గర్నుంచి దాన్ని నడిపింది మా నాయనమ్మ. పొద్దున్నే చెక్క తలుపులు తీసి, తానుల ముందు చేతులు జోడించి, పక్క కొట్టు సేటుకు వినబడేంత గట్టిగా ప్రార్థన చేసేది.

"ప్రభువా, ఇయ్యాల బోణీ మంచిగ కావాలె. తానులన్నీ విప్పిచ్చి ఏం కొనకుంట పొయ్యెటోళ్లను జర సేటు దుకాణానికి తోలు."

అటునుంచి సేటు అందుకునేవాడు. "అక్కా, నీ దేవుడు నీ మాట బాగనే ఇంటాండు. నిన్నంత గసొంటోళ్లే నా దుకాణానికొచ్చిండ్రు."

నేను ఆ గొంతు వింటూ పెరిగినదాన్ని. అందుకే ఈ వయసులో కూడా హనుమకొండ కూరగాయల బజారులో నేను కనబడగానే మంచి వంకాయలు గోనె కింద దాస్తారని మా పిల్లలు ఎగతాళి చేస్తారు. మా వారు బతికున్నన్నాళ్లూ నేను బేరమాడుతుంటే కాస్త దూరంగా జరిగి, నేనెవరో ఎరగనట్టు కరెంటు తీగల మీది పిట్టలను చూస్తూ నిలబడేవారు. కొత్తిమీర కట్ట కొసరు తెచ్చుకుని, రాజ్యం గెలిచినట్టు ఆటో ఎక్కే మనిషిని నేను.

నాయనమ్మ నాకు నేర్పిన మొదటి విద్య కళ్లు మూసుకుని బట్ట పోల్చడం. ఎండాకాలం మధ్యాహ్నాలు గిరాకీ లేనప్పుడు తన కొంగు నా కళ్లకు కట్టి, ఒక్కో తాను కొస చేతికిచ్చేది. ఇది మల్లు, ఇది పాప్లిన్, ఇది గంజి దట్టించి మందంగా చూపించే మోసపు సరుకు. హోల్‌సేల్ ఏజెంటు వచ్చి మూట విప్పితే ఆమె బొటనవేలు బట్ట మీద గబగబా నడిచి ఎక్కడో ఒకచోట ఆగేది. "ఇగో, ఈడ పోగు తప్పింది" అనేది. ఆ ఏజెంట్లు పాపం చెమటలు తుడుచుకునేవారు. లోపం చేతికి తగిలాక పైకి అనకుండా ఊరుకోవడం ఆమె ఎరగదు. సరుకులోనైనా అంతే, మనుషుల్లోనైనా అంతే. అమ్మ వండిన కూరలో ఉప్పు తగ్గితే ఆ సంగతి సేటు ఇంటిదాకా తెలిసేది.

అలాంటి ఇంట్లో కత్తెర పట్టాల్సిన మా నాన్న, ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి, పాస్టరు చదువు చదువుతానన్నాడు. అప్పటికి నేను బడికి పోతున్నాను. ఆయన తల ముందు భాగంలో జుట్టు పలచబడుతోంది. బజారంతా ఆ మాట తిరిగింది. "ఇంత వయసుల బడికి పోతాండట" అని నవ్వారు. నాయనమ్మ మాత్రం నవ్వలేదు, ఏడవలేదు. కొన్నాళ్లు ఆయనతో మాట్లాడడమే మానేసింది. తర్వాత ఒకనాడు బేరం కుదుర్చుకున్నట్టు చెప్పింది. "పో కొడుకా. నేను అడ్డం రాను. గని నువ్వు పాస్టర్లు ఏసుకునే తెల్లంగీ ఏసుకోని నా ముందట నిలవడాలె. అది చూసినంకనే నేను పోత."

ఇక్కడ ఆమె ఒక పొరపాటు పడింది. బడిలో చేర్చుకోగానే పిల్లలకు యూనిఫారం ఇచ్చినట్టు, పాస్టరు చదువులో చేరగానే తెల్లంగీ ఇస్తారనుకుంది. మొదటి సెలవులకు నాన్న వచ్చినప్పుడు సంచి అంతా తిరగేసి "అంగీ ఏదిరా?" అని అడిగింది. చదువు ఏళ్ల తరబడి సాగుతుందనీ, అది అయ్యాక పెద్ద పాస్టరుగారి కింద పనిచేయాలనీ, ఆ తర్వాత సంఘం పెద్దలు తల మీద చేతులుంచి అభిషేకం చేస్తేనే ఆ అంగీ వేసుకునే హక్కు వస్తుందనీ నాన్న వివరించాడు. ఆమె అంతా విని, "గింత ఆలస్యంగ ఇచ్చే సరుకని ముందుగాలనే చెప్పొద్దా?" అంది.

నాన్న లేని ఇల్లు ఎలా ఉంటుందో నేను చెప్పగలను. అన్నం గిన్నె చిన్నదవుతుంది. సైకిలు గోడకు ఆనుకుని టైర్లలో గాలి పోగొట్టుకుంటుంది. అంతకుముందు ఆదివారం సాయంత్రాలు ఆయన నన్ను ఆ సైకిలు ముందు కూర్చోబెట్టుకుని కోటకు తీసుకెళ్లేవాడు. రాతి తోరణాల నీడలో కూర్చుని ఉడకబెట్టిన పల్లీలు తినేవాళ్లం. ఆయన చదువుకు వెళ్లాక పల్లీలు తినాలనిపించలేదు. అమ్మ వంట ముగించి కొట్టుకు వచ్చేది. నాయనమ్మ తానులు విప్పితే అమ్మ కొలిచేది, బడి నుంచి వచ్చి నేను మడతలు పెట్టేదాన్ని. ముగ్గురం ఆడవాళ్లం కలిసి ఒక మగమనిషి పని చేస్తున్నామని సేటు మెచ్చుకుంటే, "ఆ ఒక్క మగమనిషి పని నేనొక్కదాన్నే చేసేదాన్ని, వీళ్లిద్దరు నాకు అడ్డం" అనేది నాయనమ్మ.

సెలవుల్లో నాన్న వచ్చినప్పుడల్లా కాస్త చిక్కి, కాస్త కొత్తగా కనిపించేవాడు. కొట్టులో కూర్చుని గ్రీకు అక్షరాలు రాసుకునేవాడు. సేటు తొంగి చూసి, "గిరాకీ రాకుంట కట్టేసే మంత్రమా ఇది?" అని భయం నటించేవాడు. మధ్యాహ్నం పూట నాన్న తానుల ముందు నిలబడి ప్రసంగం సాధన చేసేవాడు. వినేవాళ్లం మేం ముగ్గురమే. నాయనమ్మ మధ్యలోనే చెయ్యెత్తి ఆపేది. "అట్ల కాదు కొడుకా. ముందుగాలనే గంత పొడుగు చెప్తే ఎవరు నిలవడతరు? మంచి చీర పైన ఎయ్యాలె. చూసి ఆగుతరు. అప్పుడు తక్కినయి విప్పు." నాన్న నవ్వి, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టేవాడు. తర్వాతి రోజుల్లో ఆయన ప్రసంగాలు విన్నవాళ్లు, మొదటి మాటకే మనసు పట్టేస్తారండీ మీ నాన్నగారు అనేవారు. ఏ కాలేజీలో నేర్చుకున్నారో నాకు తెలుసు.

చదువు చివరి ఏడాదికి వచ్చేసరికి నాయనమ్మకు చక్కెర జబ్బు ముదిరి కళ్లు పోయాయి. కళ్లు పోయినా కొట్టు మానలేదు. మేం ఏ తాను తీస్తున్నామో చప్పుడు బట్టి చెప్పేది. ఎండలు ముదురుతున్న రోజుల్లో మంచం పట్టింది. హనుమకొండ దవాఖానలో డాక్టరు చూసి, ఇంటికి తీసుకుపొమ్మన్నాడు. ఆ మాటకు అర్థం నాకు తెలియదు గానీ, ఆటోలో అమ్మ నాయనమ్మ కాళ్లను తన ఒళ్లో పెట్టుకున్న తీరు చూసి భయం వేసింది. సేటు తన కొట్టు ఫోను నుంచి నాన్న కాలేజీకి కబురు చేశాడు.

నాయనమ్మ ఒక్కటే మాట అడిగేది. "అంగీ ఎప్పుడేసుకుంటడు?"

అభిషేకానికి ఇంకా చాలా కాలం ఉంది. అంత కాలం ఆమె దగ్గర లేదు. నేను దేవుడితో బేరానికి దిగాను. ఐసు తినను, నాయనమ్మను ఉంచు అన్నాను. వాక్యాలు కంఠతా పడతానన్నాను. అమ్మకు ఎదురు చెప్పనన్నాను. చివరికి, అన్నిటికన్నా నాకు కష్టమైనది కూడా గల్లాపెట్టె మీద పెట్టాను: నాన్న ఇంటికి రాకపోయినా సరే, ఆయన కావాలని అడగను, నాయనమ్మను ఉంచు. ఏమీ చెప్పకుండా మెట్లు దిగి పోయే గిరాకీలాగా దేవుడు వెళ్లిపోయాడు. బేరంలో నేను ఘోరంగా ఓడిపోయింది ఆయన దగ్గరే.

నాన్న రైలు దిగి వచ్చేసరికి నాయనమ్మ మాట సన్నగిల్లింది. అమ్మ ఆయన్ను వంటింట్లోకి పిలిచి, కొట్టులో మిగిలిన తెల్ల పాప్లిన్ తాను చూపించింది. "ఆమెకు కండ్లు లేవు. ఇది పైన కప్పుత, పిన్నీసులు పెడత. ఒక్కసారి ముందట నిలవడుండ్రి. సంబురంగ పోతది."

నాన్న వెనక్కి జరిగాడు. "నాకు ఆ హక్కు ఇంకా రాలేదు. అమ్మకు అబద్ధం చెప్పి, రేపు జనానికి ఏం సత్యం చెప్పను?"

"సత్యం జనానికి చెప్పండ్రి," అంది అమ్మ. "లోపలున్నది మీ అమ్మ."

చివరికి నాన్న చేతులు పక్కకు చాచాడు, దర్జీకి కొలతలిచ్చేవాడిలా. అమ్మ తాను విప్పి ఆయన చుట్టూ తిప్పింది. భుజాల మీద మడతలు తీసి పిన్నీసులు పెట్టింది. గుమ్మం దగ్గర నిలబడ్డ నాకు ఆ తెలుపులో మా నాన్న నిజంగానే పాస్టరులాగా కనిపించాడు. ఆయన ముఖం మాత్రం దొరికిపోయిన దొంగలా ఉంది.

మంచం పక్కన నిలబడి, "అమ్మా, అంగీ ఏసుకున్న" అన్నాడు. మళ్లీ అన్నాడు.

నాయనమ్మ చెయ్యి ఎత్తింది. ఆయన వంగాడు. ఆ చెయ్యి ఛాతీ మీద నుంచి భుజం దాకా మెల్లగా పాకింది. కొత్త తాను గంజి పెళపెళమన్నది. బొటనవేలు ఎప్పటిలాగే బట్ట మీద నడిచింది. భుజం దగ్గర ఆగింది. పిన్నీసు మీద. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. "ఈడ పోగు తప్పింది" అనే ఆ మాట కోసం నేను చెవులు మూసుకోబోయాను.

ఆ వేలు పిన్నీసును దాటి ముందుకు పోయింది. "కుట్టు మంచిగున్నది," అంది నాయనమ్మ. "మన బజారు దర్జేనా?"

"మన బజారోడే అత్తమ్మా," అంది అమ్మ.

"నీకు మంచిగొప్పింది కొడుకా." ఆమె చెయ్యి ఆయన చెంప మీదికి వెళ్లి అక్కడే ఉండిపోయింది. నాన్న ఇక నిలబడలేక తెల్లబట్ట విదిలించుకుని పెరట్లోకి వెళ్లిపోయాడు. అమ్మ ఆయన భుజాల నుంచి జారిన బట్టను మంచం కాళ్ల దగ్గర కుప్పగా వేసి ఆయన వెంట వెళ్లింది.

గదిలో నేనూ, ఆమే మిగిలాం. నా అడుగుల చప్పుడు ఆమెకు తెలుసు.

"పోరీ, ఆ పాప్లిన్ మడిచి దుకాణంల పెట్టు. పిన్నీసులు తీసేటప్పుడు జర పైలం. రంధ్రాలు పెద్దగయితే గిరాకీ వంక పెడతరు."

"నీకెరుకేనా నాయినమ్మా?"

"మన దుకాణం బట్ట నాకెరుక లేకపాయెనా?"

"మరి కుట్టు మంచిగున్నదన్నవ్?"

"వాడు నాకోసం నిలవడ్డడు గదనే. దాంట్ల ఏం వంక పెట్టాలె?" తర్వాత నా మణికట్టు పట్టుకుంది. "మీ బాపుకు చెప్పకు. చిన్నవోతడు."

చెప్పనని మాటిచ్చాను. పిన్నీసులు ఒక్కొక్కటే తీశాను. తాను మడత పెట్టి కొట్టులో దాని అరలో పెట్టాను. ఆ మర్నాడు ఎండ దిగకముందే నాయనమ్మ పోయింది. సమాధుల తోటలో సేటు అందరికన్నా వెనక, చెప్పులు విప్పి నిలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఇక తన కొట్టుకు చెడ్డ గిరాకీని పంపే మనిషి లేదని ఏడుస్తూనే అన్నాడు.

సెలవు అయిపోయినా నాన్న కాలేజీకి వెళ్లలేదు. సైకిలుకు గాలి కొట్టించాడు. నన్ను బడి దగ్గర దింపాడు. కత్తెర తీసుకుని కొట్టులో కూర్చున్నాడు. అన్నం గిన్నె మళ్లీ పెద్దదైంది. నాయనమ్మ కోసం ఏడుస్తూనే లోలోపల నాకొక పండుగ మొదలైంది.

ఆ పండుగ ఎక్కడి నుంచి వచ్చిందో కొన్నాళ్లకు తెలిసింది. పరీక్షలు దగ్గరికొచ్చాయని అమ్మ గుర్తు చేస్తే, తెర అవతల నాన్న అంటున్నాడు. "నేను పోను. సచ్చిపొయ్యే తల్లి ముందట దొంగ వేషం ఏసినోన్ని. నిజమైన అంగీ ఏ మొఖం పెట్టుకోని ఏసుకోవాలె?" ఆ వేషం వేయించింది తానే, ఆ పాపం తనదే అని అమ్మ ఎంత చెప్పినా ఆయన వినలేదు. తల్లి తనను నమ్మి, మోసపోయి వెళ్లిపోయిందని ఆయన గుండెలో దిగబడిపోయింది.

నేను తెర ఇవతల కూర్చుని లెక్క వేసుకున్నాను. నాయనమ్మకు ఇచ్చిన మాట ప్రకారం నోరు మూసుకుంటే చాలు, బాపు ఇక ఎక్కడికీ పోడు. కోటకు తీసుకెళ్తాడు. పల్లీలు తింటాం. నోరు మూసుకోవడమే నా పెట్టుబడి, పైగా అది మంచిపని కూడా. అంత లాభసాటి బేరం నా జన్మలో మళ్లీ తగల్లేదు.

మర్నాడు పొద్దున నాన్నతో కలిసి కొట్టుకు వెళ్లాను. ఆయన చెక్క తలుపులు తీశాడు. తానుల ముందు నిలబడ్డాడు. చేతులు జోడించబోయి, దించేశాడు. పక్క నుంచి సేటు గొంతు వచ్చింది. "ఏందయ్యా, ఇయ్యాల ప్రార్థన లేదా? నా దుకాణానికి ఎవలను తోలుతానవో ఇందామని నిలవడ్డ."

నాన్న తల వంచుకున్నాడు. "నా నోటికి వస్తలేదు సేటు."

ఆ మాట నేను భరించలేకపోయాను. ఆ కొట్టులో ప్రార్థన ఆగిన పొద్దు నాకు తెలియదు. నాన్న చొక్కా అంచు పట్టుకుని, "నాయినమ్మకు ఎరుకే బాపూ" అన్నాను.

"ఏమెరుక?"

"అది మన పాప్లిన్ అని ఎరుకే. పిన్నీసులు ఎరుకే. నన్నే మడిచి పెట్టమన్నది. రంధ్రాలు పెద్దగయితే గిరాకీ వంక పెడతరన్నది."

నాన్న గద్దె మీద కూలబడ్డాడు. మళ్లీ చెప్పమన్నాడు. నాయనమ్మ అన్నవన్నీ ఆమె గొంతుతోనే చెప్పాను. "వాడు నాకోసం నిలవడ్డడు గదనే" అన్న మాట దగ్గర ఆయన నవ్వాడు. గిరాకీ వంక పెడతారన్న మాట మళ్లీ చెప్పించుకుని ఇంకా నవ్వాడు. ఆ నవ్వు ఎక్కడ ఏడుపుగా మారిందో నాకు తెలియలేదు. సేటు వచ్చి గుమ్మంలో నిలబడి, ఏమీ అడగకుండా, వస్తున్న గిరాకీలను తన కొట్టుకు పిలుచుకుపోయాడు.

ఏడుపు ఆగాక నాన్న నన్ను దగ్గరికి లాక్కున్నాడు. "నువ్వు చెప్పకపోతే నేను ఇంట్లనే ఉంటుంటి గద బిడ్డా."

"ఎరుకే," అన్నాను.

ఆయన నా ముఖం వంక చూసిన చూపు ఇప్పటికీ నాకు గుర్తే. నా జుట్టు సవరించాడు. ఆ వారమే రైలెక్కాడు. ఆ తర్వాత మా ఇంట్లో ఆయన ఎప్పుడూ పూర్తిగా లేడు. ఒక ఊరి సంఘం, మరో ఊరి సంఘం, ఎవరి ఇంట్లోనో చావు, ఎవరి బిడ్డకో జబ్బు. కొట్టు కొన్నాళ్లు అమ్మ నడిపి, తర్వాత సేటుకే ఇచ్చేసింది. ఆ పాప్లిన్ ఎప్పుడో ఎవరి లంగాల కిందికో అమ్ముడుపోయింది. ఎవరు కొన్నారో మాకెవరికీ గుర్తులేదు.

నాన్నకు అభిషేకం జరిగిన రోజు నేను చర్చిలో ముందు వరసలో కూర్చున్నాను. అప్పటికి ఓణీలు వేస్తున్నాను. నిజమైన తెల్లంగీలో ఆయన బయటికి వచ్చాడు. దర్జీ కొలత తప్పాడు, ఎడమ భుజం జారుతోంది. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన నా దగ్గరికొచ్చి ఎట్లున్నదన్నట్టు కనుబొమలు ఎగరేశాడు. "మంచిగొప్పింది బాపూ" అన్నాను.

ఇప్పుడు ఆయనా లేడు, అమ్మా లేదు. నేను మాత్రం ఇంకా బజారులో గొంతు చించుకుంటూనే ఉన్నాను. అయితే నాయనమ్మ వేలు పిన్నీసును దాటిపోయిన ఆ రోజు నుంచి ఒక గుబులు నన్ను వదల్లేదు. సంచి నింపుకుని, గెలిచానని ఆటోలో కూర్చోగానే మొదలవుతుంది. నేను చెప్పిన ధరకు తల ఊపిన కూరగాయలమ్మే ముసలామె, నేను వేసిన ప్రతి ఎత్తుకూ ఓడిపోయినట్టే నవ్వే మా వారు, పండుగ బట్టలకు నేను గొడవ చేస్తే "సరే, నువ్వన్నదే కానీ" అని తగ్గిన అమ్మ. వాళ్లంతా నిజంగా నా తెలివికి ఓడిపోయారా, లేక అంతా తెలిసే నాకు వదిలేశారా? అడుగుదామంటే, చాలామంది జవాబు చెప్పే దూరంలో లేరు.